పట్టేసిన సెంటర్‌బోర్డు: మా ఎంటర్‌ప్రైజ్ పడవ పని డైరీ

సంక్రాంతి తర్వాతి శనివారం

వానల కాలమంతా టార్పాలిన్ కింద ఉన్న పడవను ఈ రోజు బయటికి తీశాము. తెరచాప కొయ్య బాగుంది, తాళ్లు బాగున్నాయి, చుక్కాని తిరుగుతోంది. సెంటర్‌బోర్డు, అంటే పడవ మధ్యలోంచి నీటిలోకి దిగే పలక, మాత్రం కదలడం లేదు. దించే తాడును లాగితే తాడు బిగుస్తోందే తప్ప పలక వెంట్రుకవాసి కూడా జరగలేదు. పైనుంచి అరచేత్తో నొక్కి చూశాను. గోడను నొక్కినట్టే ఉంది.

ఈ పడవ ఎంటర్‌ప్రైజ్ తరగతికి చెందినది. బ్రిటన్‌లో జాక్ హోల్ట్ 1956లో రూపొందించిన డింగీ, అంటే చిన్న తెరచాప పడవ ఇది. పొడవు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు 1.6 మీటర్లు, నడపడానికి ఇద్దరు కావాలి. నీలం రంగు తెరచాపలు దీని ఆనవాయితీ. మాది ప్లైవుడ్‌తో కట్టినది, నేనూ మా బావా కలిసి కొన్నది. చెన్నైకి దక్షిణాన కోవళంలో, బావ ఇంటి వెనక ట్రెయిలర్ మీద ఉంటుంది.

సెంటర్‌బోర్డు ఎందుకో ముందు రాసుకుంటాను. తెరచాప పడవకు గాలి పక్కనుంచి తగిలినప్పుడు అది ముందుకు పోవడంతో పాటు పక్కకు కూడా జారుతుంది. పడవ మధ్యలో నిలువుగా ఒక సన్నటి పెట్టె ఉంటుంది. అందులోంచి కిందికి దిగే పలక నీటిని అడ్డంగా పట్టుకుని ఆ జారుడును ఆపుతుంది. అది లేకపోతే గాలికి ఎదురుగా ఏటవాలుగా వెళ్లడం కుదరదు, గాలి ఎటు తోస్తే అటే పోవాలి. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. పడవ బోర్లా పడితే నీటిలోంచి ఆ పలక మీదికి ఎక్కి, మన బరువుతో పడవను తిరిగి లేపాలి. పలక లోపలే ఇరుక్కుపోయి ఉంటే కాలు పెట్టడానికి చోటే ఉండదు. అందుకే బోర్డు దిగని పడవను నేను నీటిలోకి దించను. "పైపైన ఒక చుట్టు తిరిగి వద్దాం" అని బావ అన్నాడు. వద్దన్నాను.

ఆదివారం

పడవను పక్కకు ఒరిగించాము. కొయ్య తీసేసి, నేల మీద పాత లారీ టైర్లు రెండు, వాటిపైన కొబ్బరిపీచు పరుపు వేసి, బావ స్నేహితుల సాయంతో మెల్లగా దాని మీదికి వాల్చాము. పడవను ఎత్తులో నిలబెట్టి దాని కిందికి దూరి పని చేయడం నాకు ఇష్టం లేదు. ఇలా ఒరిగిస్తే అడుగుభాగం, పెట్టె కింది చీలిక కళ్లెదుట నిలువుగా ఉంటాయి. పలక ఒక్కసారిగా జారినా ఎవరి మీదా పడదు.

టార్చి వేసి చూస్తే చీలిక పొడవునా ఇసుక గట్టిపడి ఉంది. దాని మధ్యలో తెల్లటి చిన్న చిప్పలు, రాళ్లకూ పడవలకూ అంటుకుని పెరిగేవి. నిరుడు కొన్ని వారాల పాటు పడవను నీటిలోనే లంగరు వేసి ఉంచాము, అప్పుడు పెరిగినవి అవి. చీలికను రెండు వైపులా మూసి ఉంచే రబ్బరు పట్టీలో ఒక ముక్క చిరిగి, మడతపడి లోపలికి దూరి ఉంది.

ఇసుక ఎలా చేరిందో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. 1870లలో చెన్నై హార్బరు గోడలు కట్టడం మొదలైన తర్వాత దక్షిణం వైపున ఆ ఇసుక ఆగిపోయి, పేరుకుని పేరుకుని మెరీనా అంత వెడల్పు అయింది. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం భూమిని కోసుకుపోయింది. మా ఉప్పుటేరు ముఖద్వారం కూడా ఎండాకాలంలో ఇసుకమేటతో మూసుకుపోతుంది. నీరు తక్కువున్న చోట బోర్డు కొన ఇసుకకు తగిలి పైకి లేస్తుంది. ఇరుసు మీద తిరిగే బోర్డులో ఉన్న సుఖమే అది, విరగదు. అయితే లేచేటప్పుడు ఆ ఇసుకను తనతో పాటు పెట్టెలోకి తీసుకుపోతుంది.

ఇసుకా చిప్పలే కారణమైతే పని సులువు. కానీ అవి మాత్రమేనా అన్నది తెలియాలి. ఇలాంటి సమస్యల్లో ముందే సుత్తి పట్టుకునేవారితో నేను ఏకీభవించను. పెట్టె పడవ అడుగుకు అతికే చోటు మొత్తం పడవలోకెల్లా సున్నితమైన అతుకు. బోర్డు పక్కన ఉలి దూర్చి మీటితే బోర్డు కదలకముందే ఆ అతుకు విచ్చుకుంటుంది. ఆ తర్వాత జీవితాంతం పడవలో నీరు తోడుకుంటూ కూర్చోవాలి.

అందుకని ఒక హాక్‌సా బ్లేడు తీసుకున్నాను. పళ్లు అరగదీసి నున్నగా చేసి, పలకకూ పెట్టె గోడకూ మధ్య సందులో దూర్చి చీలిక పొడవునా నడిపించాను. ఎక్కడ ఆగితే అక్కడ పడవ అడుగున సుద్దముక్కతో గీత. ఎడమవైపు అంతటా బ్లేడు దూరింది. కుడివైపు ముందుభాగంలో, ఇరుసు బోల్టు దగ్గర, బిగుతుగా అయినా దూరింది. మధ్యలో మాత్రం జానెడు మేర అసలు దూరలేదు. అక్కడ ఇసుక లేదు, చిప్ప లేదు. చెక్కే గోడకు ఆనుకుని ఉంది.

అంటే పలక ఉబ్బింది.

సోమవారం, పని నుంచి వచ్చాక

వానాకాలంలో తలుపులు పట్టేసినట్టే ఇదీ. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి అది పొడవులో, వెడల్పులో పెద్దగా సాగదు. ఒక పొర సాగబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. తాగిన నీరంతా మందం మీదే చూపిస్తుంది. మా బోర్డు అసలు మందం 19 మిల్లీమీటర్లు, పెట్టె లోపలి సందు 22. అంటే మూడు మిల్లీమీటర్ల వెసులుబాటు. అంచున వార్నిషు పగిలి నీరు లోపలికి దిగితే ఆ మూడు మిల్లీమీటర్లు ఎంతసేపు? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన టార్పాలిన్ సందుల్లోంచి పడి ఆ పెట్టెలోనే నిలిచింది.

నీటితో ఉబ్బింది నీరు పోతే తగ్గుతుంది. కాబట్టి ఆరబెట్టడమే మందు. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. చెక్కలోకి దిగింది ఉత్త నీరు కాదు, ఉప్పునీరు కూడా. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తానే నీరైపోతుంది. కోవళంలో తెల్లవారుజామున తేమ ఆ అంకె దాటని రోజు అరుదు. చెక్కలో ఉప్పును అలాగే ఉంచి ఎంత ఆరబెట్టినా పగలు ఆరినది రాత్రి మళ్లీ తాగుతుంది. అందువల్ల ఆరబెట్టే ముందు మంచినీటితో బాగా తడపాలి. వినడానికి వింతగా ఉంటుంది కానీ ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నమ్మకమున్న మెట్టు ఇదే.

జనవరి చివరి వారాంతం

మొదట ఇసుక. గొట్టంతో మంచినీరు కొడుతూ బ్లేడుతో గీకితే పెట్టెలోంచి నల్లటి బురద, చిప్పముక్కలు, ఒక రొయ్య పొలుసు కూడా వచ్చాయి. మడతపడిన రబ్బరు ముక్కను ముక్కుపటకారుతో పట్టి, లాగకుండా, బ్లేడుతో కోసి కోసి తీశాను. లాగితే అది ఇంకా బిగుసుకుంటుంది.

గోడకు అంటుకున్న చిప్పలు గీకితే పోలేదు. అవి సున్నపురాయి పదార్థమే కాబట్టి పులుపుకు కరుగుతాయి. వంటింటి వెనిగర్‌లో గుడ్డపేలికలు ముంచి సందులోకి నెట్టి ఒక రాత్రి ఉంచాము. పొద్దున చిప్పలు మెత్తబడి చెక్కపుల్లకే ఊడాయి. ఆ తర్వాత మళ్లీ ధారాళంగా మంచినీరు. ఉప్పు, పులుపు రెండూ పోయేదాకా, చీలికలోంచి కారే నీటిని నాలుక మీద వేసుకుంటే చప్పగా అనిపించేదాకా పోశాము.

నూనె పోద్దామా అని బావ అడిగాడు. గ్రీజు, నూనె ఈ పెట్టెలోకి రానివ్వకూడదు. వాటికి ఇసుక అంటుకుని గరుకు ముద్దలా తయారవుతుంది. పైగా నూనె పీల్చిన చెక్కకు రేపు ఎపాక్సీ జిగురు అంటుకోదు.

ఈ రోజు మేస్త్రి గారు వచ్చారు. నెల్లూరు జిల్లా వారు, ఇక్కడ ఫైబర్ పడవలు బాగు చేస్తారు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, సుద్దగీతలు చూసి, నేరుగా ఇరుసు బోల్టు మీద వేలు పెట్టారు.

"దీన్ని ఎవరు బిగించారు బాబూ?"

"పాత యజమాని బిగించి ఉంటాడు మేస్త్రి గారూ. నీరు కారుతోందని."

"కారితే వాషరు మార్చాలి. బోల్టు బిగిస్తే ఏమవుతుంది? రెండు గోడలూ దగ్గరికొచ్చి పలకను నొక్కుతాయి. పలక ఒకవైపు ఉబ్బింది, గోడ ఇంకోవైపు నొక్కింది."

ముందుభాగంలో బ్లేడు బిగుతుగా దూరడానికి కారణం అదన్నమాట. ఉబ్బు గురించే ఆలోచిస్తున్న నాకు ఆయన ఒక్క ప్రశ్నతో రెండో సగం చూపించారు.

నట్టు స్టెయిన్‌లెస్ స్టీలు, దాని కింద బిళ్ల ఇత్తడి. ఉప్పునీటిలో రెండు వేరు లోహాలు కలిసి ఉంటే ఒకటి ఇంకొకదాన్ని తినేస్తుంది. ఇత్తడి మీద పచ్చటి చిలుము గట్టిగా పట్టి ఉంది. తుప్పు వదిలించే ద్రవాన్ని నట్టు మీద మాత్రమే బొట్టు బొట్టుగా వేసి, చుట్టూ గుడ్డ కట్టి వదిలేశాము. మంట పెట్టవద్దని మేస్త్రి గారు చెప్పారు. చెక్క పక్కనే ఉంది కదా. సాయంత్రం నా టంకం కర్రను వేడి చేసి, దాని మొనను నట్టు మీద కాసేపు ఆనించి ఉంచాను. వేడి నట్టుకే చేరింది, చెక్కకు పోలేదు. ఆ తర్వాత స్పానరుతో కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి. స్టెయిన్‌లెస్ మరలను తొందరపడి తిప్పితే వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక విరగ్గొట్టడమే గతి. నెమ్మదిగా తిప్పాము. నట్టు వదులైంది.

బోల్టును బయటికి తీయలేదు. నట్టు వదులు చేశామంతే. పలక కదిలినప్పుడు ముందుభాగం ఇరుసు మీదే ఉండాలి, అప్పుడే అది తన దారిలో తిరుగుతుంది. బ్లేడు మళ్లీ దూర్చి చూస్తే ముందువైపు హాయిగా జారింది. మధ్యలో జానెడు చోటు మాత్రం అలాగే ఉంది.

ఫిబ్రవరి

ఇక వేచి ఉండడం. పడవను ఒరిగించినట్టే ఉంచి, పైన నీడకు తాటాకు పందిరి వేశాము. ఎండలో పెడితే పైపొర తొందరగా ఆరి పగులుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. చీలికకు ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను, గాలి పెట్టెలోంచి దూరి అవతలివైపు బయటికి వచ్చేలా. రాత్రిపూట తేమ పెరుగుతుంది కాబట్టి పెట్టె పైచీలిక దగ్గర పాతకాలపు గుండు బల్బు ఒకటి, చెక్కకు తగలకుండా దూరంగా. లోపలి గాలి బయటి గాలికంటే కొద్దిగా వెచ్చగా ఉంటే చాలు, అది తేమను తీసుకుపోతుంది.

వారాంతాల్లో బ్లేడు పెట్టి కొలవడం, కొత్త గీత గీయడం. ఒక్కోసారి ఒక్కో రంగు సుద్ద. తెల్లగీతల మధ్య జానెడు ఉన్నది, పసుపుగీతల మధ్య బెత్తెడైంది. నీలంగీతల దగ్గరికి వచ్చేసరికి మూడు వేళ్ల వెడల్పు. పడవ అడుగున ఆ గీతలు ఒకదానిలో ఒకటి ఇమిడి కనిపిస్తుంటే ఎంత సంతోషమో చెప్పలేను. ఏ పనిముట్టూ ముట్టకుండా, ఏ బలమూ వాడకుండా చెక్క తన చోటికి తాను వస్తోంది.

ఈ మధ్యలో ఒక సాయంత్రం మేస్త్రి గారు తన మామగారిని వెంట తీసుకొచ్చారు. పెద్దాయనది పులికాట్ వైపు ఊరు. పాతరోజుల్లో తెప్ప మీద తెరచాపతో వేటకు వెళ్లినవారు. మా పడవను చూసి నవ్వారు. "ఇంత చేసి మీరు దాచింది మా పలకే కదా" అన్నారు. తెప్పల మీద తెరచాప ఎత్తినప్పుడు, గాలికి పక్కకు పోకుండా దుంగల పక్కన నీటిలోకి ఒక పలక దించేవారట. అది తాడుతో కట్టి ఉండేది, పెట్టె లేదు, ఇరుసు లేదు. పట్టేసే ప్రశ్నే లేదు. ఒడ్డు దగ్గరపడగానే చేత్తో పైకి లాగేసేవారు. ఆయన చేతులు ఆ లాగడాన్ని చూపించిన తీరు చూస్తే మా పెట్టె మీద నాకు కాస్త విసుగు కలిగింది, ఇంత ఏర్పాటు అవసరమా అని. కానీ మా పడవలో ఇద్దరమూ తెరచాప తాళ్లతోనే తలమునకలై ఉంటాము, పలకను చేత్తో పట్టుకునేవారు ఎవరూ ఉండరు.

శివరాత్రికి ముందు ఆదివారం

పొద్దున బ్లేడు పెడితే మధ్యలో కూడా దూరింది. బిగుతుగానే, అయినా దూరింది.

మేస్త్రి గారు టేకు పట్టీ ఒకటి తెచ్చారు, 15 మిల్లీమీటర్ల మందం, కొన గుండ్రంగా. పెట్టె పైచీలికలోంచి దాన్ని దూర్చి, బోర్డు వెనకకొస మీద ఆనించారు. ఇరుసు ముందు ఉంది కాబట్టి దానికి ఎంత దూరంగా తోస్తే అంత తక్కువ బలం చాలు. నేను కిందివైపు చీలిక దగ్గర కూర్చుని పలక అంచు మీద వేలు ఆనించి ఉంచాను. కన్ను పట్టలేని కదలికను వేలు పడుతుంది.

రబ్బరు సుత్తితో ఆయన కొట్టిన దెబ్బలు గట్టివి కావు. తలుపు తట్టినంత. కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. చాలాసేపు వేలికి ఏమీ తెలియలేదు. తర్వాత చిన్న అదురు. ఎండిన ఉప్పు పటుక్కున పగిలిన చప్పుడు, సన్నటి తెల్లటి పొడి నా మణికట్టు మీద రాలింది. అంచు వేలిగోరంత బయటికి వచ్చింది.

"ఆగండి, ఆగండి, వచ్చింది" అన్నాను.

బావ ఉత్సాహంగా ఆ అంచును పట్టి లాగబోతే మేస్త్రి గారు చెయ్యెత్తి ఆపారు. వచ్చిన దాన్ని మళ్లీ లోపలికి తోయించారు. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. ఒక్కసారికి కొద్దికొద్దిగా ఎక్కువ. లోపల మిగిలిన ఇసుకరేణువులు ఒకేవైపు లాగితే చీలల్లా దిగబడతాయి, అటూ ఇటూ ఆడిస్తే రాలిపోతాయి. రాలాయి కూడా. అరచెయ్యి పట్టేంత బయటికి వచ్చాక పలకకు గుడ్డ చుట్టి, బావ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకున్నాము. మేస్త్రి గారు బోల్టు బయటికి లాగారు. బోర్డు మొత్తం మా చేతుల్లోకి వచ్చింది.

కుడివైపు అంచున పైపొర రెండు చోట్ల విచ్చుకుని ఉంది. ఇరుసు రంధ్రం చుట్టూ చెక్క నల్లబడి ఉంది. మిగతా పలక గట్టిగానే ఉంది. కొత్తది చేయించే అవసరం లేదు. చేయించవలసి వస్తే ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కు భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తప్ప ఇంకేదీ పనికిరాదు.

మార్చి

బోర్డును ఇంటిలోపల ఇంకొన్నాళ్లు ఆరబెట్టి, విచ్చుకున్న పొరల్లోకి ఎపాక్సీ ఎక్కించి బిగించి, ఉబ్బిన చోటును చిత్రిక పట్టాము. మళ్లీ అంతటా 19 మిల్లీమీటర్లు.

ఇరుసు రంధ్రం పని శ్రద్ధగా చేశాము, ఎందుకంటే నీరు మొదట దిగింది అక్కడే. రంధ్రాన్ని బోల్టుకంటే బాగా పెద్దదిగా తొలిచి, నల్లబడిన చెక్కంతా తీసేసి, ఆ ఖాళీని చిక్కటి ఎపాక్సీతో నింపాము. అది గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్టుకు సరిపడా కొత్త రంధ్రం వేశాము. ఇక బోల్టుకు చెక్క తగలదు, అరిగేది ఎపాక్సీయే.

పలకంతటికీ మూడు పూతలు, అంచులకు సన్నటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ. చెన్నై మార్చిలో ఎపాక్సీతో పని చేసేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. లోతైన డబ్బాలో కలిపితే అది తన వేడికి తానే ఉడికి నిమిషాల్లో గడ్డకడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసుకోవాలి. రెండోది, పూత సాయంత్రం వేయాలి. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేస్తాయి. సాయంత్రం చల్లబడేటప్పుడు చెక్క గాలిని లోపలికి పీల్చుకుంటూ ఎపాక్సీని కూడా లాక్కుంటుంది. పూత ఆరాక పైన జిడ్డులాంటి పొర తేలుతుంది, దాన్ని నీటితో కడిగాకే గరుకు కాగితం పెట్టాలి. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి చివరగా వార్నిషు.

పెట్టె లోపలి గోడల మీద ఏళ్ల తరబడి పూసిన రంగే అర మిల్లీమీటరు దాకా ఉంది. ఒక చెక్కపట్టీకి గరుకు కాగితం అతికించి, చీలికలోంచి దూర్చి రంపంలా ఆడిస్తూ గీకేశాము. చేతులు పడిపోయాయి కానీ వెసులుబాటు అంతా తిరిగి వచ్చింది.

బోల్టుకు కొత్త రబ్బరు వాషర్లు, నట్టు కింద ఇత్తడి బదులు స్టెయిన్‌లెస్ బిళ్ల. బోల్టు, బిళ్ల జార్జ్ టౌన్‌లో సెంబుదాస్ వీధి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికాయి. పాత బోల్టు చేతిలో పట్టుకుని వెళితే మంచిది, మాటల్లో చెప్పి తెచ్చుకోవడం కష్టం. చీలికకు రబ్బరు పట్టీకి బదులు పూత ఉన్న గట్టి గుడ్డ వేశాము, అది మడతపడి లోపలికి పోదు.

నీటిలోకి దించే ముందు ఒక పరీక్ష. పడవను నిటారుగా నిలబెట్టి, కింది చీలికను టేపుతో మూసి, పెట్టె నిండా నీరు పోశాము. గంటసేపు పెట్టె చుట్టూ అతుకుల మీద, బోల్టు తలల మీద పొడి కాగితం అద్దుతూ చూశాము. కాగితం తడవలేదు.

ఏప్రిల్ మొదటి వారాంతం

ఉప్పుటేరులో మధ్యాహ్నం సముద్రపు గాలి ఎక్కాక దించాము. దించే తాడు లాగగానే బోర్డు దిగింది, ఎత్తే తాడు లాగగానే లేచింది. గాలికి ఎదురుగా ఏటవాలుగా పెట్టి, ఒడ్డున ఒక కొబ్బరిచెట్టును గుర్తుపెట్టుకుని చూశాను. పడవ పక్కకు జారకుండా పట్టుగా వెళ్లింది. తర్వాత లోతున్న చోట కావాలనే బోర్లా వేశాము. బావ ఈదుకుంటూ చుట్టూ వచ్చి, బోర్డు మీదికి ఎక్కి వెనక్కి వాలాడు, పడవ నిటారుగా లేచింది. బోర్డు ఏమాత్రం వంగలేదు, ఇరుసు దగ్గర చప్పుడు రాలేదు.

ఇక నుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ పెట్టెను మంచినీటితో పైనుంచి కిందికి కడగడం. వానలు మొదలయ్యే ముందు, సెప్టెంబరులోనే, బోల్టు తీసి బోర్డును పూర్తిగా బయటికి తీసి ఇంట్లో గోడకు నిలబెట్టడం. నట్టును చేత్తో బిగించి, స్పానరుతో పావు చుట్టు మాత్రమే.

చుక్కాని పలక ఇరుసు దగ్గర కూడా వార్నిషు కొంచెం పగిలి ఉందని ఈ రోజు కడుగుతుంటే కనిపించింది. అది వచ్చే వారాంతం పని. ఎపాక్సీ మిగిలే ఉంది.